సైలెన్సర్ లోపల్నించి తింటది

మన వర్లీ, ప్రభాదేవి పక్క టాక్సీ నడిపేటోళ్ళను అడగండి, బండి కింద ముందుగాల పోయేది సైలెన్సరే అంటరు. సముద్రం గాలి, ఉప్పు, వానకాలం రోడ్ల మీద నిలిచే నీళ్ళు కారణం అంటరు. అబద్ధం కాదు. కాని మా అల్లుని బండిది పాతది కోసి చూస్తే పైన తుప్పు పొర మాత్రమే, లోపలి రేకు అప్పడం లెక్క పలపల రాలింది.

లోపలికి నీళ్ళెట్ల వచ్చినయి? పెట్రోలు కాలితే పొగతో పాటు నీటి ఆవిరి పుడుతది. లీటరు పెట్రోలుకు దగ్గర దగ్గర లీటరు నీళ్ళు. సి.ఎన్.జి. కిలోకు రెండు కిలోల పైనే. ఇంజను దగ్గర గొట్టం కాలుతుంటది గనుక ఆవిరి ఆవిరిగానే పోతది. వెనక డబ్బా చల్లగుంటది, అక్కడ నీళ్ళై నిలుస్తది. పొగలోని వాయువులు కలిసి ఆ నీళ్ళు పులుపెక్కి రేకును తింటయి.

నేను సైజింగ్ ఖాతాలో పని చేసినోణ్ణి. గంజి పట్టిన పడుగును ఆవిరి సిలిండర్ల మీద ఆరబెట్టేది. ఆవిరి చల్లారి నీళ్ళైతే బయటికి తియ్యడానికి స్టీమ్ ట్రాప్ ఉండేది. అది చెడితే పడుగు ఆరదు, నీళ్ళు నిలిచిన పైపుకు కొన్నాళ్ళకు తూటు. కారుకు ట్రాప్ లేదు. కొన్ని సైలెన్సర్లకు కింద సన్న బెజ్జం ఉంటది, నీళ్ళు పోవడానికే. కొందరు మిస్త్రీలు లీకని వెల్డింగ్ కొట్టి మూస్తరు! మూయనియ్యకండి. పొద్దున బండి తీస్తే వెనక నాలుగు చుక్కలు కారుతయి, కారనియ్యండి.

దూరం తిరిగే బండిది బాగా కాలి ఆరుతది, ఎక్కువ రోజులు వస్తది. బడికాడ పిల్లల్ని దించి వచ్చి ఆపేసే బండిదే తొందరగా పోతది.

కొత్తది కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి, అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదంటరు. ఆ పరీక్ష ఇక్కడ పని చెయ్యదు. సైలెన్సర్లకు ఎక్కువగా వాడే స్టెయిన్‌లెస్ రకానికి అయస్కాంతం అంటుకుంటది, పైన కొంచెం తుప్పు రంగు కూడా వస్తది. తూటు పడేది మాత్రం ఆలస్యం.

చప్పుడుకు పోలీసు పట్టుకుంటడని మన పిల్లలు రేకు ముక్క అతికిస్తరు. చప్పుడు చిన్న సంగతి. సీటు కింద గొట్టం పగిలితే పొగ బండిలోకి వస్తది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు జాగలో అది కూసుంటది.

పోయిన వానకాలం అల్లుడు స్టాండులో అద్దాలెక్కించి, ఏసీ పెట్టుకుని పండుకునేటోడు. లేస్తే తలనొప్పి, వాంతి వచ్చినట్టు. నిద్ర చాలలేదని అందరం అనుకున్నం. సెలవు నాడు తల నొయ్యదేందని పసిగట్టింది మా బిడ్డే. బండి లేపి చూస్తే నడిమి గొట్టం జాయింటు కాడ పగులు. గొట్టాన్ని మోసే రబ్బరు హ్యాంగర్ తెగి బరువంతా జాయింటు మీద పడ్డది. ఆ రబ్బరు ముక్క ఖరీదు ఒక పూట చాయ్ నాస్తా.

గొట్టం మారింది, తలనొప్పి పోయింది. అయినా ఇంజను నడుస్తుండగ లోపల పండుకునేది మా బిడ్డ బంద్ చేయించింది. దోమలు కుడుతున్నయని అల్లుడు గొణుగుతడు. కుట్టనీ.