తిప్పతీగ కషాయం

మా పెరటి వేపచెట్టుకు తిప్పతీగ అల్లుకుని ఎన్నేళ్ళయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. తమలపాకుల్లాంటి ఆకులు, బుడిపెల కాండం. వీథిలో ఎవరికి జ్వరం వచ్చినా జానెడు ముక్క కోసుకుపోయేవారు. సంస్కృతంలో దానికి గుడూచి అనీ, అమృత అనీ పేర్లు. అమృతమని పేరు పెట్టాక ఇంక భయమెందుకుంటుంది చెప్పండి!

2020లో కోవిడ్ వచ్చేసరికి ఆ తీగకు మహర్దశ పట్టింది. రోగనిరోధకశక్తి పెరుగుతుందన్న మాట ఇంటింటికీ పాకింది. అంగళ్ళలో మాత్రలూ, సీసాల్లో రసాలూ వెలిశాయి. మా వదినగారు సీసాలను నమ్మే మనిషి కాదు. 2021 వేసవిలో మొదలుపెట్టి రోజూ పరగడుపున గ్లాసెడు కషాయం తాగారు. వెనకటివాళ్ళు జ్వరం తగ్గేదాకా నాలుగు రోజులు తాగి మానేసేవారు. ఆవిడ ఆరు నెలలైనా మానలేదు.

ఆ తరువాత అన్నం సయించలేదు. కళ్ళు పచ్చబడ్డాయి. "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని డాక్టరుగారు అడిగితే థైరాయిడు మాత్ర ఒక్కటే చెప్పారు. నేను పక్కనుంచి కషాయం సంగతి ఎత్తేసరికి, "అది మందేమిటే, తీగ!" అని నన్ను కసురుకున్నారు. డాక్టరుగారు మాత్రం కలం ఆపి నావైపు తిరిగారు.

ఆ ఏడే ముంబయి వైద్యులు ఇలాంటివారు ఆరుగురిని గురించి రాశారట. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. తిప్పతీగను పోలిన వేరే జాతి తీగ కావచ్చునంది. అదీ కొట్టిపారేయదగ్గ మాట కాదు. దీనికి దాయాదులున్న మాట నిజమే, పొడి చేశాక ఏది ఏదో ఎవరు చెప్పగలరు? కాని 2022లో దేశంలోని పలు ఆస్పత్రుల వైద్యులు కలిసి 43 మంది కేసులు ప్రకటించారు. ఒంట్లో కాపలా కాసే శక్తిని ఈ తీగ రెచ్చగొడుతుందట. కొందరిలో ఆ కాపలావాడు ఇంటివాళ్ళ మీదే, అంటే కాలేయం మీదే, కర్ర ఎత్తుతాడు. అలా తిరగబడే గుణం లోపల దాగి ఉన్నవారికి అది బయటపడుతుంది. కొన్ని రకాల థైరాయిడు జబ్బులూ ఆ కోవలోవే. మధుమేహానికి మాత్రలు మింగేవారికైతే చక్కెర మరీ పడిపోవచ్చు.

కషాయం మానిపించి, నెలనెలా రక్తపరీక్ష చేయించారు. కొందరికి స్టెరాయిడ్లు ఇవ్వవలసివస్తుందట. ఆవిడకు ఆ అవసరం రాలేదు. మూడో నెలకు కళ్ళు తెల్లబడ్డాయి.

ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వదినగారే ముందు చీటీ తీస్తారు. మొన్న అందులో మెంతిపొడి కూడా రాయించారు.