పళ్లు చూసి ఎద్దును... బ్యాటరీ చూసి కారును!

మా తాత అంగడికి ఎద్దుల్ని కొనడానికి వెళితే మొదట చేసే పని వాటి నోరు తెరిచి పళ్లు చూడటం. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, వయసు మళ్లిందా... అమ్మేవాడు ఏం చెప్పినా పళ్లు అబద్ధం చెప్పవనేవాడు. తర్వాత నాలుగడుగులు నడిపించేవాడు. కొమ్ములకు పూసిన రంగు, మెడలో గంటలు చూసి మురిసిపోయినవాడు మోసపోతాడన్నది ఆయన నమ్మకం.

తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయన మాట మళ్లీ గుర్తొచ్చింది మాత్రం మా చిన్నాయన ఫోన్ చేసిన రోజున.

చిన్నాయనది బీర్కూర్. బాన్సువాడ పక్కన, మంజీర ఒడ్డున, నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ఊరు. లెక్కల సారుగా రిటైరయ్యాడు. చిన్నమ్మకు ఆరోగ్యం బాగుండదు. నెలకు రెండుసార్లు నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించాలి. బస్సులు మారి వెళ్లిరావడం ఆమె వల్ల కావడం లేదు. ప్రతిసారీ కిరాయి కారంటే చిన్నాయన పింఛను వల్ల కావడం లేదు.

‘‘బిడ్డా, కరెంటు కారు పాతది కొందామనుకుంటున్న. పెట్రోలు ఖర్చుండదు గదా. నువ్వు పేపర్ల పని చేస్తవ్, నీకు తెలుస్తది. జర చూసిపెట్టు’’ అన్నాడు.

తెలుస్తుందని ఆయన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను!

మెరుపు చూసి మురిశాను

హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఒకచోట నాకో కారు కనిపించింది. తెల్లగా తళతళలాడుతోంది. సీట్ల మీద కవర్లు కూడా నలగలేదు. తిరిగింది ముప్పై వేల కిలోమీటర్లే. ఫుల్ చార్జింగ్‌లో మీటరు మీద 240 కిలోమీటర్లు చూపిస్తోంది. ధర మా బడ్జెట్‌లోనే ఉంది. నేనైతే ఆరోజే అడ్వాన్సు ఇచ్చేద్దామన్నాను. చిన్నాయన మాత్రం ‘ఆగు బిడ్డా, నేనొస్త’ అని మర్నాడు బస్సెక్కి వచ్చాడు.

వచ్చాక కారు చుట్టూ తిరిగి ఒకే ప్రశ్న అడిగాడు. ‘‘దీని పండ్లు ఎక్కడున్నయ్?’’

షాపతను బిక్కమొహం వేశాడు. నాకు మాత్రం అర్థమైంది. పెట్రోలు కారు వయసు ఇంజిను చప్పుడులో, పొగలో ఎంతో కొంత తెలుస్తుంది. దీనికి చప్పుడూ లేదు, పొగా లేదు. వయసంతా బ్యాటరీలో దాగి ఉంటుంది. కారులో అన్నింటికన్నా ఖరీదైన వస్తువు అదే. మన సెల్‌ఫోన్ లాగే వాడేకొద్దీ, ఏళ్లు గడిచేకొద్దీ దాని శక్తి కొంచెం కొంచెంగా తగ్గుతుంది. వాడకుండా ఎండలో నిలబెట్టినా తగ్గుతుంది. అందుకే ‘తక్కువ తిరిగింది’ అన్న మాట ఇక్కడ సగం నిజమే.

మరి మీటరు మీద చూపించిన 240? అది కారు వేసే అంచనా మాత్రమే. అంతకుముందు నెమ్మదిగా నడిపి ఉంటే ఎక్కువ చూపిస్తుంది, వేగంగా నడిపి ఉంటే తక్కువ. కంపెనీ ప్రకటించే అంకె పరీక్షా కేంద్రంలో వచ్చినది. 2020 జనవరిలో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీకి ధ్రువీకరించిన దూరం 312 కిలోమీటర్లు. రోడ్డు మీద ఏసీ వేసుకుని, మనుషుల్ని ఎక్కించుకుని వెళితే ఏ కారుకైనా అంతకన్నా తక్కువే వస్తుంది.

లెక్కల సారు పరీక్ష

చిన్నాయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. నూటికి నూరు శాతం చార్జింగ్ పెట్టించాడు. మీటరు అంకె రాసుకున్నాడు. ఏసీ వేసి, ముగ్గురం కూర్చుని, అరవై వేగం దాటకుండా ఊరి శివారు దాకా వెళ్లి వచ్చాం. 63 కిలోమీటర్లు తిరిగేసరికి 45 శాతం అయిపోయింది.

‘‘ఒక్క శాతానికి 1.4 కిలోమీటర్లు. నూరు శాతానికి 140. అడుగంటేదాకా నడపలేం గదా, 20 శాతం చేతిల ఉంచుకోవాలె. మిగిలేది 112. మన ఇంటి నుంచి నిజామాబాద్ రానుపోను, టౌనుల తిరుగుడు కలిపి 120. ఎనిమిది కిలోమీటర్లు తక్కువవడ్డయ్ బిడ్డా’’ అన్నాడు.

ఎనిమిది కిలోమీటర్లు! వినడానికి చిన్న అంకె. కానీ ఓ రాత్రివేళ, ఒంట్లో బాగాలేని చిన్నమ్మను వెనక సీట్లో పడుకోబెట్టుకుని, ఊరికి ఆ కాస్త దూరంలో గుండెలు చిక్కబట్టుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. పైగా ఏటా బ్యాటరీ ఇంకాస్త తగ్గేదే తప్ప పెరిగేది కాదు. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీస్ సెంటర్‌లో కంప్యూటరుకు తగిలించి చెబుతారు. ఆ రిపోర్టు కాగితం మీద కావాలని అడిగితే షాపతను ‘అవన్నీ ఎందుకు సార్’ అన్నాడు. ఆ జవాబుతో మా బేరం అక్కడే తెగిపోయింది.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి

ఆ దెబ్బతో నేనూ బుద్ధిగా నేర్చుకోవడం మొదలుపెట్టాను. మెకానిక్కుల్ని, ఇప్పటికే ఇలాంటి కార్లు నడుపుతున్న మిత్రుల్ని విసిగించాను. తెలిసిన వాటిలో ముఖ్యమైనది వారంటీ. మన దగ్గర చాలా కార్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. లెక్క మొదలయ్యేది మనం కొన్న రోజు నుంచి కాదు, మొదటి యజమాని కొన్న రోజు నుంచి. శక్తి ఎంత శాతానికి పడిపోతే వర్తిస్తుందో, రెండో యజమానికి ఏమేం మారతాయో కాగితం చదవాల్సిందే. 2024లో వచ్చిన ఎంజీ విండ్సర్‌కు ప్రకటించిన జీవితకాల వారంటీ మొదటి యజమానికే. అదే ఏడాది బ్యాటరీని కిలోమీటరుకు ఇంతని అద్దెకిచ్చే పథకమూ వచ్చింది. కాబట్టి కారుతోపాటు బ్యాటరీ కూడా అమ్మేవారి సొంతమేనా అన్నది ఇప్పుడు తప్పనిసరి ప్రశ్న!

రెండోది నీళ్లు. బ్యాటరీ పెట్టె ఉండేది కారు అడుగున. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2025 ఆగస్టు చివర్లో మా కామారెడ్డి జిల్లానే వరద ముంచెత్తింది. అలా మునిగిన బళ్లు కడిగి తుడుచుకుని మళ్లీ బేరానికి రావచ్చు. సీటు కింద కార్పెట్ ఎత్తితే మట్టి, వాసన, తుప్పు ఉన్నాయేమో చూడాలి. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడగాలి. కారును లిఫ్టు మీదకు ఎత్తించి బ్యాటరీ పెట్టెకు సొట్టలు, లోతైన గీతలు ఉన్నాయేమో గమనించాలి. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో మనకు తెలుసు కదా!

మూడోది చార్జింగ్ పిన్ను. తొలినాళ్లలో వచ్చిన ఈ-వెరిటో, 2019 నాటి టిగోర్ ఈవీ లాంటి కార్ల ఫాస్ట్ చార్జింగ్ పిన్ను వేరు. ఇప్పుడు రోడ్ల పక్కన ఎక్కువగా కనిపించే సీసీఎస్-2 గన్ను వాటికి పట్టదు. అందుకే కొనేముందు ఇంటి ప్లగ్గులోనూ, బయటి ఫాస్ట్ చార్జర్‌లోనూ ఒక్కోసారి పెట్టి చూడాలి. ఇంటి కేబుల్ ఇస్తున్నారో లేదో అడగాలి. రోజూ ఫాస్ట్ చార్జింగే వాడిన కారైతే బ్యాటరీ త్వరగా అలసిపోయి ఉండొచ్చు.

ఇక నంబరు ప్లేటు. ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలుంటే సొంత వాడకం, పసుపు అక్షరాలుంటే ట్యాక్సీ. ఆర్సీ, అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం, ఫారం 29, 30 మామూలే. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ కోసం ఫారం 28 కావాలి. ఇంకోటి, పాత యజమాని ఫోన్‌లోని యాప్ నుంచి కారును తీసేయించాలి. లేకపోతే మన కారు ఎక్కడుందో ఆయనకు తెలుస్తూనే ఉంటుంది!

కొత్త కారు ధర కూడా ఓసారి కనుక్కోవాలి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయించింది. దాంతో కొత్తదానికీ పాతదానికీ మధ్య తేడా కొన్నిసార్లు అనుకున్నంత ఉండదు.

చివరికి దొరికింది

రెండు నెలలు తిరిగాక నిజామాబాద్‌లోనే ఓ కుటుంబం 2021 నెక్సాన్ ఈవీ అమ్ముతోందని తెలిసింది. తిరిగింది 58 వేల కిలోమీటర్లు. తలుపు మీద ఓ గీత కూడా ఉంది. మొదటి కారు ముందు నిలబెడితే వెలవెలబోతుంది. కానీ అడగ్గానే సర్వీసు కాగితాలన్నీ ముందు పెట్టారు. బ్యాటరీ రిపోర్టు వాళ్లే తీయించి ఇచ్చారు. వారంటీ 2029 దాకా ఉంది.

మళ్లీ నోటుబుక్కు. బోధన్ దాటి వెళ్లి వచ్చాం. 76 కిలోమీటర్లకు 40 శాతం. శాతానికి 1.9. నూరుకి 190. ఇరవై చేతిలో ఉంచుకున్నా 152. చిన్నాయన మొహంలో, పరీక్షలో పిల్లాడు సరైన జవాబు రాసినప్పటి సంతోషం కనిపించింది.

కారు బీర్కూర్ చేరాక తెలిసిన సంగతి ఒకటుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఈ కారు చార్జింగే ఎక్కదు! మొదటి రాత్రంతా ఎర్ర లైటే. పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి గుంత తవ్వి కొత్తగా ఎర్తింగ్ వేయించి, విడిగా లైను లాగించారు. కారు బేరంతోపాటే ఈ పనీ చేయించుకుంటే మంచిది.

మొన్న చిన్నమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లి వచ్చారు. చీకటి పడ్డాక ఇల్లు చేరి చిన్నాయన నాకు ఫోన్ చేశాడు. ‘‘120 కిలోమీటర్లు తిరిగినం. ఇంకా 37 మిగిలింది’’ అన్నాడు. వెనకనుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. ‘‘అంకెలు తర్వాత చెప్పుకుందువు గాని... నేను దారంత నిద్రపోయిన అని చెప్పు బిడ్డకు.’’

ఇప్పుడాయన నెలనెలా ఒకసారి ఫుల్ చార్జింగ్ పెట్టి, శాతానికి ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో అదే నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. ‘ఎందుకు చిన్నాయనా’ అంటే, ‘‘ఎన్నడన్న అమ్మితే కొనేటాయనకు ఈ బుక్కు గూడ ఇస్త. ఆయన ఇంట్ల గూడ ఎవరన్న పేషెంటు ఉండొచ్చు గదా’’ అన్నాడు.

తాత ఉంటే ఆ నోటుబుక్కు చూసి, పళ్లు బాగానే ఉన్నాయిరా అని తల ఊపేవాడు.