చుట్టిల్లు

చుట్టింట్లోకి తల వంచకుండా ఎవరూ వెళ్లలేరు. భోగాపురం అవతల మా అమ్మమ్మ ఊళ్లో చూరు నేలకు అంత దగ్గరగా ఉండేది. పొడుగు మావయ్యయితే దాదాపు కూలబడి దూరేవాడు. లోపల కాసేపు ఏమీ కనబడదు. ముందు వాసన తెలిసేది: అలికిన నేల, పొగచూరిన తాటాకు, ఎండుచేపలు. తర్వాత గోడ కనబడేది, ఎక్కడా మూలన్నది లేకుండా. గోడ మీద దూలాలు, వాటి మీద మట్టి మెత్తిన అటక. పాత వలలు, విత్తనాల కుండలు, తాత ట్రంకుపెట్టె అన్నీ అక్కడే. మే నెల మధ్యాహ్నం బయట ఇసుక కాళ్లు కాల్చేస్తుంటే అమ్మమ్మ ఆ గోడకు వీపు ఆనించి కునుకు తీసేది.

ఉత్తరాంధ్ర తీరంలో ఊరూరా ఇవే ఉండేవి. గుండ్రటి గోడను తాకిన గాలి పక్కలకు జారిపోతుంది. చూరు దిగువన ఉంటుంది కాబట్టి కిందనుంచి దూరి కప్పును లేపేయలేదు. అలాగని గొప్పలన్నీ దానివే కావు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ పడితే వీధి వీధంతా బూడిదే. రెండు మూడేళ్లకోసారి ఆకు మార్చాలి. ఆ ఆకులో పాములూ ఉండేవి. ఇప్పుడు చుట్టిళ్ల ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లలో ఎవరి మీదా పాము పడి ఉండదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చాక తీరంలో తుపాను షెల్టర్లు, కాలనీ ఇళ్లు లేచాయి. తప్పుపట్టడానికి లేదు, ఉప్పెన నీటి ముందు మట్టిగోడ నిలవదు. తర్వాతెప్పుడో అమ్మమ్మకూ స్లాబు ఇల్లొచ్చింది. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పెచ్చు ఎక్కడ రాలితే అక్కణ్నించి మంచం జరుపుకునేది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చేనాటికి మా వీధిలో చుట్టిల్లు ఒక్కటీ లేదు.

ఇవన్నీ బెంగుళూరు కోరమంగళలో డ్రాయింగు బల్ల ముందు గుర్తొచ్చాయి. లాక్‌డౌన్‌లో ఇంటినుంచి పనికి అలవాటుపడ్డ ఒక సాఫ్ట్‌వేర్ జంటకు భీమిలి దాటాక చిన్న ఇల్లు కావాలి. చల్లగా ఉండాలి, తుపానుకు నిలవాలి, ఇంటర్నెట్ ఆగకూడదు. గోడల సంగతి తేలికే. ఈ ఊళ్లోనే ఐఐఎస్సీలో 1974లో మొదలైన ఆస్త్రా బృందం, మట్టిలో కాస్త సిమెంటు కలిపి యంత్రంతో నొక్కి, కాల్చకుండానే ఇటుకలు చేసింది. అలల అంచున కట్టడం తీర నియంత్రణ నిబంధనల వల్ల ఎలాగూ కుదరదు. అమ్మమ్మ వాళ్లూ ఇసుకదిబ్బ వెనకే ఉండేవాళ్లు. చిక్కల్లా కంప్యూటర్ బల్లతోనే, గుండ్రటి గోడకు అది ఆనదు. అందుకని నలుచదరపు గది చుట్టూ గుండ్రటి వసారా గీశాను.

కప్పు దగ్గర ఆగిపోయాను. వాసాలు ఎవరైనా ఎత్తుతారు. తాటాకు వరస మీద వరస పేర్చి, శిఖరం దగ్గర నీరు దిగకుండా కట్టడం అందరికీ రాదు. మావయ్యకు ఫోన్ చేశాను. పని తెలిసిన ముసలాయన ఒక్కడే మిగిలాడట, నిచ్చెన ఎక్కలేడట. నేర్చుకున్న కొడుకులు గుజరాత్‌లో, వీరావల్ బోట్ల మీద.

"జూన్‌లో అక్కడ వేట ఆపీసినప్పుడు వస్తారు. ఈలోపల ఆకు కొట్టించీసి ఎండబెట్టించుకో. కూలి మట్టుకు మీ బెంగుళూరు రేటే అడుగుతారొరే" అన్నాడు.