తుపాకీ దించిన తరువాత

యుద్ధం ముగిసిందని పత్రికలు రాస్తాయి. ఆ యుద్ధంలో తుపాకీ పట్టిన పన్నెండేళ్ళ పిల్లవాడికి అది ఎప్పుడు ముగుస్తుంది? మనస్తత్వశాస్త్రం ఎం.ఏ.లో చేరిన నాటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

పశ్చిమ ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అనే చిన్న దేశముంది. 1991 నుంచి 2002 వరకు అక్కడ అంతర్యుద్ధం సాగింది. తిరుగుబాటుదారులే కాదు, ప్రభుత్వ పక్షం వాళ్ళు కూడా పసివాళ్ళ చేతికి ఆయుధాలిచ్చారు. భయం తెలియకుండా మత్తుమందులు అలవాటు చేశారు. చివరికి దాదాపు 7,000 మంది పిల్లల చేత ఆయుధాలు దింపించారు. ఆడపిల్లలు చాలామంది ఆ లెక్కలోకే రాలేదు. అప్పటికి దేశం మొత్తానికి ఉన్న మానసిక వైద్యుడు ఒక్కడే!

ఇదంతా చెబితే హాస్టల్ మెస్సులో ఒక మిత్రుడు కంచం పక్కకు నెట్టి, "చంపినవాడికి చికిత్స ఏమిట్రా? చచ్చినవాళ్ళ అమ్మానాన్నల సంగతేంటి?" అన్నాడు. కోపంగా అడిగినా న్యాయమైన ప్రశ్నే. ఆ అమ్మానాన్నలుండే ఊళ్ళకే ఈ పిల్లలు తిరిగి వెళ్ళాలి మరి.

అలా సైనికుడైన ఇష్మాయెల్ బేయా 2007లో తన కథ పుస్తకంగా వెలువరించాడు. పునరావాస కేంద్రంలో సిబ్బంది, జరిగినదానికి నీవు బాధ్యుడివి కావని పదే పదే చెప్పేవారట. మొదట్లో ఆ మాట వింటేనే అతనికి ఒళ్ళు మండేదట. ఓర్పుగా చెప్పగా చెప్పగా, ఒకనాటికి నమ్మగలిగాడు.

థెరిసా బెటాన్‌కోర్ట్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2002 నుంచి ఇలాంటి పిల్లల జీవితాలను ఏళ్ళ తరబడి గమనించారు. ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు అక్కున చేర్చుకున్నవాళ్ళు మెల్లగా తేరుకున్నారు. వెలివేతకు గురైనవాళ్ళలో దిగులూ కోపమూ ముదిరాయి. యుద్ధం దెబ్బ తిన్న యువతీయువకులకు కోపాన్ని అదుపు చేసుకోవడం, చిక్కులను నిదానంగా విప్పుకోవడం నేర్పే శిక్షణను కూడా ఆమె బృందం పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించింది. నేర్పినవాళ్ళు డాక్టర్లు కారు, స్థానికులే. పాత గాయాల బాధ అంతగా తగ్గకపోయినా, నేర్చుకున్నవాళ్ళు బడిలో నిలదొక్కుకోగలిగారు.

మిత్రులారా, చికిత్స అంటే నేరాన్ని మాఫీ చేయడం కాదు. చచ్చినవాళ్ళ తల్లిదండ్రుల దుఃఖానికీ మందు కావాలి, చంపించబడిన చేతులకూ మందు కావాలి. ఒకరికి ఇచ్చి మరొకరికి లేదంటే ఊరు కుదుటపడదు. రేపు ఇదే వృత్తిలోకి వెళ్ళబోయే నాకు ఈ దేశం నేర్పిన పాఠం ఒకటే: వైద్యుడు ఒక్కడే ఉన్నచోట సగం వైద్యం ఇరుగుపొరుగు చేతుల్లోనే ఉంటుంది.