రాత్రి తొమ్మిదికి నెట్ వాడేవాళ్లే లేరంట!

మా ఓబులదేవరచెరువులో రాత్రి తొమ్మిదింటికి ఇంటర్నెట్ ఎవరూ వాడరు. నమ్మరు కదా? మా మామ కంప్యూటర్లో గ్రాఫ్ మాత్రం రోజూ అదే చెప్పేది.

మామది చిన్న కేబుల్ నెట్. 250 ఎంబీపీఎస్ లైన్ తీసుకుని ఇళ్లకు ఇస్తాడు. మధ్యలో ఒక పాత కంప్యూటర్, అందులో ఎప్పటిదో 32 బిట్ లైనక్స్. ఎంత డేటా వచ్చిందో ఐదు నిమిషాలకోసారి చదివి గ్రాఫ్ గీసే స్క్రిప్ట్ ఒకటి ఎవరో రాసిపెట్టారు. పగలు 60 ఎంబీపీఎస్ చూపించేది. రాత్రి ఐపీఎల్ టైమ్‌కి 20కి పడిపోయేది!

అదే టైమ్‌లో మామకు ఫోన్ల మీద ఫోన్లు. పక్క వీధిలో డీఎస్సీకి చదివే అక్క అయితే లైవ్ క్లాస్ ఆగిపోతోందని దాదాపు ఏడ్చేసింది. మామ మాత్రం, "సూడప్పా, ఇరవై దాటలే. 100 లైన్ చాలు, డబ్బులన్నా మిగుల్తాయి" అన్నాడు. లైన్ తగ్గించమని ఆ వారమే చెప్పేసేవాడు.

ఆ అక్క అబద్ధం చెప్పదు. అంటే అబద్ధం లెక్కదే. రాత్రి వెళ్లి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నా. '/ప్రాక్/నెట్/డెవ్' ఫైల్‌ని పది సెకన్లకోసారి చదివా. ప్రతిసారీ 31 కోట్ల బైట్లు పెరుగుతున్నాయి. 390 కోట్లు, 421 కోట్లు... తర్వాత చూస్తే 23 కోట్లు!

పాత స్కూటర్ మీటర్ 99999 తర్వాత సున్నాకి వస్తుంది చూడండి, అదే కథ. 32 బిట్లలో పట్టే పెద్ద అంకె 429,49,67,295. అది దాటితే మళ్లీ మొదటికే. (2014లో గంగ్నమ్ స్టైల్ వ్యూస్ 214 కోట్లు దాటబోతుంటే యూట్యూబ్ కూడా కౌంటర్‌ని 64 బిట్లకు మార్చింది. మన ఓడీ చెరువుకే వచ్చిన కష్టం కాదు.)

లైన్ నిండా వాడితే ఆ మీటర్ 137 సెకన్లకోసారి తిరిగిపోతుంది. ఐదు నిమిషాల్లో రెండుసార్లు తిరిగి, ఇంకొంచెం ముందుకెళ్తుంది. నిజంగా వచ్చింది 937 కోట్ల బైట్లయితే, స్క్రిప్ట్‌కి కనిపించేది 78 కోట్లే. అదే ఆ 20 ఎంబీపీఎస్. పగలు వాడకం తక్కువ కాబట్టి ఒక్కసారి తిరగడానికే తొమ్మిది నిమిషాలు పైన పడుతుంది. అందుకే పగటి లెక్క కరెక్ట్‌గా ఉండేది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రాత్రికి 30 సెకన్లకోసారి చదివేలా స్క్రిప్ట్ మార్చా. గ్రాఫ్ లేచి పైకప్పుకి తగిలింది. ఆదివారం 64 బిట్ లైనక్స్ ఎక్కించాం. ఇప్పుడు ఇదే స్పీడ్‌తో మీటర్ తిరగాలంటే 18 వేల ఏళ్లు పైన కావాలి. మీరెవరైనా రౌటర్ నుంచి ఎస్ఎన్ఎంపీతో లెక్కలు తీస్తుంటే, 'ఐఎఫ్ఇన్ఆక్టెట్స్' వదిలేసి 'ఐఎఫ్‌హెచ్‌సీఇన్ఆక్టెట్స్' చదవండి. రెండోది 64 బిట్లది.

మామ లైన్‌ని 100కి తగ్గించలేదు, 400 చేశాడు. అక్క క్లాసులు ఆగట్లేదు. నెల బిల్లు పెరిగిందని అత్త మాత్రం నాకు కాఫీ ఇవ్వడం మానేసింది.