తలుపు వేసిన గది

ప్రార్థన గురించి రాయమంటే ఎవరికైనా భయమే. రాసినవాడు రాసింది చేస్తున్నాడా అని చదివేవాళ్లు అడుగుతారు. వాళ్లు అడక్కపోయినా లోపలున్న మనస్సాక్షి అడుగుతుంది. ఐనా, నలభై ఏళ్ల కిందట ఈ విశ్వవిద్యాలయపు హాస్టల్లో ఉండి చదువుకున్నవాణ్ణి గనుక, ఇక్కడ నాకు తగిలిన దెబ్బ గురించి ఇక్కడి సంచికలోనే చెప్పుకోవడం న్యాయమనిపించింది. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. నాకు తెలిసిన ఆ మాటల్లోనే చెబుతాను. ఇతర మతాల మిత్రులు దీన్ని తమ ఇంటి మాటల్లోకి మార్చుకుని చదువుకోగలరని నా నమ్మకం.

1982లో ఎం.ఎస్సీ.లో చేరాను. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న బడిపంతులు. చిన్నప్పటినుంచీ గుళ్లో వాక్యం చదవడం, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం, కంఠతా వాక్యాలకు బహుమతులు, అన్నీ నావే. విశాఖ వచ్చాక విద్యార్థుల ప్రార్థన కూటంలో కూడా నాకు మంచి పేరొచ్చింది. గొంతు బాగుండేది. మాటలు వరసగా దొర్లేవి. "నువ్వు ప్రార్థన చేస్తే కళ్లు చెమరుస్తాయి" అనేవారు. ఆ మాట విన్నకొద్దీ నా ప్రార్థన ఇంకా పొడుగయ్యేది!

హాస్టల్లో మేం ముగ్గురం. రోజూ రాత్రి మంచం పక్కన మోకరించి ప్రార్థించేవాణ్ణి. ఒకసారి శ్రీకాకుళం నుంచి వచ్చిన నా మిత్రుడు ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు: "ఒరేయ్, నిన్నొక మాట అడగనా? మేం గదిలో లేనప్పుడు కూడా నువ్విలాగే మోకరిస్తావేట్రా?"

నవ్వేశాను. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే, అంతకుముందు సంక్రాంతి సెలవుల్లో వాళ్లిద్దరూ ఊళ్లకు వెళ్లారు. నేను ఐదు రోజులు ఒక్కణ్ణే ఉన్నాను. ఆ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా మోకరించలేదు. అసలు ఆ సంగతే నాకు గుర్తు రాలేదు.

అయితే మనిషి ఒక్క ప్రశ్నకు మారడు. నేనూ మారలేదు.

1984లో నాన్నకు జబ్బు చేసిందని టెలిగ్రాం వచ్చింది. వాల్తేరు స్టేషన్‌లో రాత్రి రైలెక్కి గుంటూరు చేరుకున్నాను. ఆసుపత్రిలో నాన్న మంచం చుట్టూ మా సంఘపెద్దలు నిలబడి ఉన్నారు. "నువ్వు చదువుకున్నవాడివి, ప్రార్థన చెయ్యి బాబూ" అన్నారు. చేశాను. పది నిమిషాలు చేశాను. హిజ్కియా రాజు ఆయుష్షు పెరగడం, లాజరు సమాధి, అన్నీ సందర్భానికి తగినట్టు వచ్చాయి. ఆమేన్ అన్నాక ఒక పెద్దాయన నా భుజం తట్టి, "ఎంత చక్కగా చేశావయ్యా!" అన్నాడు.

నాకు సంతోషం వేసింది.

ఆ మాట రాయడానికి ఇప్పటికీ చేయి వణుకుతుంది. నాన్న ఊపిరి ఆడక కొట్టుకుంటున్నాడు. నాకేమో నా ప్రార్థన బాగా కుదిరిందని సంతోషం! నాన్న ఏమీ అనలేదు. నా చేయి మాత్రం పట్టుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. ఆ రాత్రి అరుగుమీద కూర్చుని ప్రార్థన చేద్దామనుకున్నాను. వినేవాళ్లు ఎవరూ లేరు. ఒక్క మాట కూడా రాలేదు. వచ్చిన మాటలన్నీ ఎవరో విని మెచ్చుకోవడానికి తయారైనవే. ఆ మనుషుల్ని పక్కకు జరిపితే నాకూ దేవుడికీ మధ్య మాటలే లేవని ఆ రాత్రి తెలిసింది.

అప్పుడే లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది.

మా ఇంట్లో తలుపున్న గది ఒక్కటే, కొట్టుగది. ధాన్యం బస్తాలు, ఊరగాయ జాడీలు, చింతపండు కుండ, ఒక మూల కిరసనాయిలు డబ్బా. అమ్మ రోజూ పనులన్నీ అయ్యాక ఆ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. చిన్నప్పుడు లెక్కలు చూసుకుంటోందనుకునేవాణ్ణి. అమ్మ గుళ్లో ఏనాడూ పైకి ప్రార్థన చేసి ఎరగదు. చెయ్యమంటే తల అడ్డంగా ఊపేది.

వినకూడదని తెలుసు. అయినా విన్నాను. "తండ్రీ, నీమీద నాకు కోపంగా ఉంది" అంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. లేచి వచ్చేస్తుందేమో అనుకున్నాను. రాలేదు. మళ్లీ అంది: "ఆసుపత్రిలో వదినను ఊరికే ఆడిపోసుకున్నాను. తప్పే. పొద్దున్నే వెళ్లి చెబుతాను. నాకిష్టం లేదు. ఐనా చెబుతాను." మళ్లీ నిశ్శబ్దం. ఆమేన్ కూడా వినపడలేదు. మర్నాడు తెల్లవారుతూనే అమ్మ అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

నా పది నిమిషాల ప్రార్థనలో నిజమైన మాట ఒక్కటీ లేదు. అమ్మ ప్రార్థనలో అబద్ధం ఒక్కటీ లేదు. దేవుడిమీద కోపం వచ్చినా, ఆ కోపాన్ని తీసుకుని ఆయన దగ్గరికే వెళ్లింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక వ్యాఖ్యానం చదువుతుంటే ఆ రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పిన మాట మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉంది. అక్కడ గదికి గ్రీకు మూలంలో వాడిన మాట 'తమెయొన్'. దానికి లోపలి గది అనీ, సామాను దాచుకునే కొట్టు అనీ అర్థం. లూకా 12వ అధ్యాయంలో కాకులకు కొట్టు లేదని చెప్పినచోట కూడా ఇదే మాట. అంటే మా అమ్మ గ్రీకు రాకపోయినా సరైన గదిలోనే కూర్చుందన్నమాట!

అప్పటినుంచి పరిశుద్ధ గ్రంథంలో గుట్టుగా ప్రార్థించినవాళ్లమీదికే నా చూపు పోతోంది. హన్నా పెదవులు కదిలాయి, స్వరం వినపడలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. గుడి పెద్దకే అర్థంకాని ప్రార్థన అది. యేసు కూడా పగలంతా జనం మధ్య ఉండి, ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు రాశాడు. ఇక కీర్తనల గ్రంథం నిండా ఎన్ని ఫిర్యాదులు! అమ్మ కోపం కొత్తదేమీ కాదు.

17వ శతాబ్దంలో పారిస్‌లో ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. ఒకప్పుడు సైనికుడు. మఠంలో వంటపని చేశాడు, తర్వాత చెప్పులు బాగుచేశాడు. గిన్నెల చప్పుడు మధ్యకూడా దేవుడి సన్నిధిలో ఉండవచ్చునన్నదే ఆయన చెప్పినదంతా. 1691లో ఆయన పోయాక ఆయన ఉత్తరాలు, సంభాషణలు చేర్చి పుస్తకం వేశారు. కాబట్టి గది అంటే నాలుగు గోడలే కానక్కర్లేదు. ముగ్గురుండే హాస్టల్ గదిలో కూడా తలుపు వేసుకోవచ్చు.

ఇదంతా తెలిశాక నా ప్రార్థన సులువైపోయిందని చెబితే అది మళ్లీ పాత అబద్ధమే అవుతుంది. నెలల తరబడి ఏమీ అనిపించని రోజులున్నాయి. 2007లో మదర్ థెరెసా ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు, ఆమె ఎన్నో ఏళ్లు దేవుడు దగ్గర లేడన్న చీకటిలో గడిపిందని ప్రపంచానికి తెలిసింది. ఆ చీకటిలోనే రోజూ లేచి ప్రార్థించింది, రోగుల పనీ చేసింది. అది చదివి కొందరు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది.

నేను పెట్టుకున్న నియమాలు చిన్నవి. పొద్దున పావుగంట. పుస్తకంలోంచి కొద్దిగా చదవడం. నిన్న చేసిన తప్పును దాని పేరుతోనే చెప్పడం. 'పాపిని' అని పెద్దమాట అనేస్తే సులువు. 'ఫలానావాడికి అప్పు తీర్చకుండా తప్పించుకు తిరుగుతున్నాను' అనడం కష్టం. మాటలు లేకపోతే ఊరికే కూర్చోవడం. ఆ తర్వాత గది బయటికొచ్చి ఆ అప్పు తీర్చడం. ఈ చివరిది లేకపోతే తలుపు వేసుకున్నదంతా దాక్కోవడమే అవుతుంది.

మిత్రులారా! మా రోజుల్లో చూసేవాళ్లు గదిలో ఇద్దరే. ఇవాళ మీ చేతిలోని ఫోన్‌లో వందలమంది ఉన్నారు. తెరిచిన బైబిలు, పక్కన కాఫీ కప్పు పెట్టి ఫొటో పంపేవాళ్లను నేనూ చూస్తున్నాను. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా దగ్గర ఆ ఫోన్ ఉండి ఉంటే నేనే ముందు పంపేవాణ్ణి! అందుకే నా శ్రీకాకుళం మిత్రుడి ప్రశ్నను మీకు అప్పగిస్తున్నాను. ఎవరూ చూడనప్పుడు కూడా ఇలాగే చేస్తామా?

అమ్మ 2009లో పోయింది. సమాధి దగ్గర నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. "తండ్రీ, అమ్మను ఇచ్చినందుకు నీకు స్తోత్రం" అన్నాను. ఆపైన మాట రాలేదు. అక్కడే నిలబడ్డాను. ఆ రోజు నన్నెవరూ మెచ్చుకోలేదు.

ఆ సాయంత్రం కొట్టుగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.