ఎత్తుకెళ్తాం లెండి!

“మెట్లున్నాయి కదండీ, మరెలా?” అని అడిగి చూడండి. మన వైపు ఎవరైనా ఠక్కున చెప్పే జవాబు ఒకటే – “దానిదేముందండీ, నలుగురం ఉన్నాం, ఎత్తుకెళ్తాం లెండి!” కల్యాణమండపం మేనేజరూ అదే అంటాడు, గుడి దగ్గర వాచ్‌మనూ అదే అంటాడు. పాపం, మంచితనంతోనే అంటారు. కానీ ఆ మాట వినగానే మా వదినగారి మొహం చిన్నబోవడం పాతికేళ్ళుగా చూస్తున్నాను.

వదినగారంటే మావారి అక్కగారు. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి. కాలిపర్లు వేసుకుని, చంకకర్రలతో నడిచేవారు. యాభై దాటాక భుజాలు అరిగిపోయి చక్రాల కుర్చీ తప్పలేదు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు.

చీర కట్టుకున్న ఆడమనిషిని ముక్కూమొహం తెలియని మగవాళ్ళు తలో చెయ్యీ వేసి లేపడం ఒక్కసారి ఊహించుకోండి. కుచ్చిళ్ళు చక్రంలో ఇరుక్కుంటాయి. పైట జారితే సర్దుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండదు, పడిపోతామన్న భయంతో రెండు చేతులూ కుర్చీనే పట్టుకుని ఉంటాయి. పైకి చేరాక అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పాలి. భోజనాలు కింద సెల్లార్లో పెడితే ఈ తతంగమంతా మళ్ళీ మొదలు. అందుకే “నాకు ఆకలిగా లేదమ్మాయ్, మీరు వెళ్ళి తినిరండి” అంటారు. ఆ ఆకలి లేకపోవడం ఏమిటో నాకు తెలుసు.

ఇంకో సంగతి మన ఆడవాళ్ళకే బాగా అర్థమవుతుంది. బయటికెళ్ళే పని ఉంటే ఆవిడ ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు తగ్గించేస్తారు. వెళ్ళినచోట కుర్చీ పట్టే బాత్రూము ఉంటుందన్న నమ్మకం లేదు. ఒక్కోచోట తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ చక్కగా ఉంటుంది, దానికి తాళం వేసి ఉంటుంది. తీయించి చూస్తే లోపల చీపుళ్ళూ, విరిగిన కుర్చీలూ!

వదినగారు డిగ్రీ చదివారు. 1995 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకి 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ కోటాలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరారు. ఉద్యోగమైతే వచ్చింది గానీ, సీటు మేడమీద. ఇరవై రెండు మెట్లు. పొద్దున ఎక్కితే సాయంత్రమే దిగడం. కొన్నేళ్ళకి సూపరింటెండెంటుగా ప్రమోషన్ వచ్చింది. ఆ సెక్షనేమో రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. సెక్షన్ని కిందికి మార్చమని అర్జీ పెట్టుకుంటే “మీ ఒక్కరి కోసం ఎలా మారుస్తామమ్మా?” అన్నారు. ప్రమోషన్ వద్దని రాసిచ్చేశారు. ఆవిడ పనితనాన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. చట్టం ఇచ్చిన ఉద్యోగాన్ని మెట్లు సగంలో ఆపేశాయి, అంతే.

మనం గడపకి పసుపు రాసి బొట్టు పెట్టే వాళ్ళం. ‘గడప దాటడం’ అని మన తెలుగులో ఎంత చక్కటి మాట ఉందో! చదువుకి, కొలువుకి, పెళ్ళికి, అన్నిటికీ అదే మాట వాడతాం. వదినగారికి మాత్రం అది ఉత్త నుడికారం కాదు. మా బాత్రూము గడప రెండంగుళాలు. ఆ రెండంగుళాల కోసం రోజూ ఎవరినో ఒకరిని పిలవాలి.

ఆవిడ మా ఇంటికి వచ్చాక మేం మొదట చేసింది ఆ గడప తీయించడం. తరవాత తలుపు. మామూలుగా మన బాత్రూము తలుపులు రెండున్నర అడుగులు ఉంటాయి. కుర్చీ వెడల్పే ఇరవై అయిదు, ఇరవై ఆరు అంగుళాలైతే చక్రం తిప్పే చేతులకి చోటెక్కడిది? తలుపుకి సుమారు మూడడుగులు, అంటే 900 మిల్లీమీటర్లు, ఖాళీ దారి ఉండాలన్నది ప్రమాణం. గోడ కొట్టించి అంత చేయించాం. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాం. కమోడ్ పక్కన స్టీలు పట్టీ బిగించాం. ఆ సాయంత్రం వదినగారు ఎవర్నీ పిలవకుండా తానే వెళ్ళొచ్చి, “ఇవాళ రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువ తాగాలనుంది అమ్మాయ్” అన్నారు.

ఇక అపార్ట్‌మెంటు గొడవ. మా లిఫ్టు దగ్గరికి చేరాలంటే మూడు మెట్లెక్కాలి. బిల్డరు ఒక మూల ర్యాంపు కట్టాడు గానీ, అది స్కూటరు ఎక్కించడానికి పనికొస్తుందేమో, మనిషికి కాదు. ర్యాంపుకో లెక్కుందండీ. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు, మా మూడు మెట్లకి పద్దెనిమిది అడుగులు. బిల్డరు కట్టింది అయిదడుగులు! అందులోంచి కుర్చీ దిగితే జారుడుబల్లే.

అసోసియేషన్ మీటింగులో అడిగితే ఇక్కడా అదే పాట – “ఒక్కరి కోసం అంత ఖర్చా?” నేను కాగితం తీసుకుని పేర్లు రాశాను. మోకాలి ఆపరేషనైన రెండో ఫ్లోరు తాతగారు, నెలలు నిండిన పైఫ్లోరు అమ్మాయి, గ్యాస్ బండ మోసే కుర్రాడు, నీళ్ళ క్యాన్ల అబ్బాయి, ఇస్త్రీ మూటలతో వచ్చే ఆవిడ, పసిపిల్లల బండి తోసుకునే తల్లులు. పదకొండు దాకా వచ్చాయి. “పదిహేనేళ్ళయితే ఈ గదిలో ఉన్న మనమే ఈ కాగితం మీదికి వస్తాం” అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. చివరికి మధ్యలో కుర్చీ తిప్పుకునేంత చదును వదిలి, ఎల్ ఆకారంలో కట్టించారు. రెండు బైకుల చోటు పోయింది. అలిగిన వాళ్ళు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు.

నిజానికి ఇదంతా బతిమాలుకోవాల్సిన విషయం కాదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. ఉద్యోగాల కోటాని కనీసం 4 శాతం చేసింది. నిబంధనల ప్రకారం లేని ప్లానుకి అనుమతి ఇవ్వకూడదంది. అప్పటికే ఉన్న ప్రజాభవనాల్ని, నిబంధనలొచ్చిన అయిదేళ్ళలో మార్చాలంది. ఆ నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే 2022తోనే గడువు తీరిపోయింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యండని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమని తెలిసి నాకు భలే సంతోషమేసింది.

ర్యాంపుతోనే అంతా అయిపోదు కూడా. చూపులేని వాళ్ళకి లిఫ్టులో బ్రెయిలీ బటన్లు, అంతస్తు చెప్పే గొంతు కావాలి. వినపడని వాళ్ళకి బ్యాంకులో టోకెన్ నంబరు అరిస్తే ఏం లాభం? బోర్డు మీద కనపడాలి.

చట్టాలు కోర్టులు చూసుకుంటాయి. మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో పెళ్ళయినా, బారసాలైనా, హాలు చూడ్డానికి వెళ్ళేది ఎక్కువగా మనమే. ఏసీ, పార్కింగూ అడిగినట్టే ఇవీ అడుగుదాం – ర్యాంపు ఎంత పొడవుంది? లిఫ్టు భోజనాల దగ్గరికి వెళ్తుందా? కుర్చీ పట్టే బాత్రూము ఉందా, తాళం ఎవరి దగ్గర? పదిమంది ఆడవాళ్ళు అడిగి, లేదంటే బుకింగ్ మానేస్తే పదకొండో పార్టీ వచ్చేసరికి మేస్త్రీని పిలుస్తారు.

మొన్న నేను పోపు వేస్తుంటే వదినగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కరే కిందికి వెళ్ళారు. కూరలబండి అబ్బాయితో పావుగంట బేరమాడి గోంగూర, లేత బెండకాయలు తెచ్చారు. గోంగూర నేను కొనేదానికన్నా కట్టకి రెండు రూపాయలు ఎక్కువే పెట్టారు. నేనేమీ అనలేదు.